పేరు పిల్లలది, పని మాది

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో అన్నాలు వడ్డిస్తున్న వేళకి, నా రోబోటిక్స్ ల్యాబ్‌లో విద్యార్థిని హారిక వాళ్ళ నాన్నగారు ఫోన్ చేశారు. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చిన్నదాని కంచంలో పప్పన్నం కలుపుతూ మాట్లాడాను. ఆయన వెనక రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. నీళ్ళని ఎవరో చేటలతో బాదుతున్నట్టు చప్పుడు.

"మేడం గారూ, మా అమ్మాయి చేసిన పెట్టెని పొద్దున్నే చెరువు మీద బిగించేశామండీ. భలే పని చేస్తోంది. నీళ్ళలో గాలి తగ్గితే దానంతటదే తిరుగుతోంది, చాలనుకుంటే దానంతటదే ఆగుతోంది. ఇంక మనిషితో పనేముందండీ."

ఆయన ఆ మాట అంటుండగానే చప్పుడు ఆగిపోయింది. ఆయన తన ధోరణిలో ఇంకేదో చెబుతున్నారు. కాసేపటికి మళ్ళీ మొదలైంది. ఆయన మా స్కూల్‌ని మెచ్చుకోవడం పూర్తయ్యేలోపు మళ్ళీ ఆగింది.

అన్నం కలుపుతున్న నా చెయ్యి కూడా ఆగింది. ఒక చెరువు నీళ్ళలో ఆక్సిజన్ అంత తొందరగా పడిపోదు, అంత తొందరగా పెరగదు. ఆ లయ నాకు తెలుసు. అది నీళ్ళని చూసి తిరగడం కాదు. పోటీలో జడ్జీల ముందు చూపించడానికి మేం పెట్టిన తాళం అది.

కిటికీలోంచి చూస్తే ఆకాశం నల్లగా ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం అని పొద్దుట్నుంచీ టీవీలో చెబుతూనే ఉన్నారు.

*

ఏ ఉద్యోగం గురించి చెబుతున్నానో

నేను రిటైరయ్యాను అంటే మా అత్తయ్యగారు నవ్వుతారు. "ముప్పై ఏళ్ళు దాటాయో లేదో, రిటైర్మెంటేంటమ్మా, ఇంకా మోకాళ్ళ నొప్పులైనా రాలేదు" అంటారు. ఏ పేరు పెట్టినా, ఆ పనికి ఇక తిరిగి వెళ్ళను. కాబట్టి అయిపోయిన ఉద్యోగం గురించే రాస్తున్నాను. నా చోటులో చేరిన అమ్మాయి, "అక్కా, ఏవైనా టిప్స్ చెప్పు" అని మెసేజ్ పెట్టింది. టిప్స్ అంటూ నా దగ్గర ఏమీ లేవు. పిల్లలిద్దరూ పడుకున్నాక, నిద్ర పట్టని రాత్రుళ్ళు ఈ నాలుగు సంగతులూ రాసిపెడుతున్నాను.

విజయవాడలో ఇంజనీరింగ్ అయ్యాక స్కూళ్ళలో రోబోటిక్స్ ల్యాబులు నడిపే ఒక కంపెనీలో చేరాను. నా హోదా మెంటర్. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు జట్లుగా ఏర్పడి ఏదో ఒక సమస్యకి ఒక పరికరం తయారు చేస్తారు. దాన్ని పోటీలకి తీసుకెళ్తారు. వాళ్ళ పక్కన ఉండటం మా పని. కాగితం మీద అంతే.

అసలు పని ఏమిటంటే, ప్రైజ్ తేవడం. ప్రైజ్ వస్తే స్కూల్ గోడ మీద పిల్లల ఫొటో పడుతుంది. ఆ ఫొటో చూసి మరో స్కూల్ మా కంపెనీని పిలుస్తుంది. ఈ సంగతి ఎవరూ నోటితో చెప్పరు. చేరిన నెల తిరిగేసరికి మనకే అర్థమవుతుంది.

చెడ్డవాళ్ళు చేసే పని కాదిది. మా సెంటర్ హెడ్ శ్రీకాంత్ గారి లాంటి ఓపికమంతుణ్ణి నేను చూడలేదు. ఏ పిల్లాడికైనా జ్వరమొస్తే తన బండి మీద ఇంట్లో దింపి వచ్చేవారు. కానీ ఒక పిల్ల కళ్ళముందు తప్పు చేస్తుంటే ఆయన చూడలేరు. "జరుగమ్మా, నేను చూపిస్తా" అని కూర్చుంటారు. ఆ కూర్చోవడం కూర్చోవడం పని పూర్తయ్యాకే లేస్తారు.

*

ముందే విన్న మాటలు

నా మొదటి ఏడాది గుణదల వైపు ఒక స్కూల్లో వేశారు. అక్కడి హెడ్‌మిస్ట్రెస్‌ని అందరూ పెద్ద మేడం అనేవారు. ఒక పిల్లాడు చిన్న బండికి మోటారు తిరగేసి బిగిస్తున్నాడు. నేను ఆగలేకపోయాను. వాడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ పెద్ద మేడం, "అమ్మాయ్, వాడికి ఆకలేస్తే అన్నం కూడా నువ్వే తింటావా?" అన్నారు.

నవ్వేసి స్క్రూడ్రైవర్ వాడికిచ్చేశాను. ఆవిడ అటు వెళ్ళగానే మళ్ళీ తీసుకున్నాను. ఆ మరుసటి రోజే పోటీ మరి. టైము లేదు. ఈ వృత్తిలో టైము ఎప్పుడూ ఉండదు. అందుకే చేశాం అంటాం, నిజానికి పిల్లలు తడబడుతుంటే చూస్తూ కూర్చోవడం మనకి చేతకాక చేస్తాం.

ఇంకోటి. ఒక ఎగ్జిబిషన్‌లో మా సాయితేజ అనే పిల్లాడు ఇంగ్లిషులో గడగడా అప్పజెప్పాడు. చేతులు ఎక్కడ తిప్పాలో, ఎక్కడ నవ్వాలో కూడా మేమే నేర్పాం. జడ్జిగా వచ్చిన పెద్దాయన అంతా విని, "బాగుంది నాన్నా. ఈ సెన్సార్ అంటే ఏంటో తెలుగులో చెప్పు" అన్నారు.

వాడు నోరు తెరిచాడు, మూశాడు. నావైపు చూశాడు. తర్వాత మళ్ళీ మొదట్నుంచి, "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ జడ్జెస్" అని ఎత్తుకున్నాడు.

అయినా రెండో ప్రైజ్ వచ్చింది. వచ్చినందుకే ఎవరం ఆగి ఆలోచించలేదు. తిరుగు దారిలో శ్రీకాంత్ గారు, "ఈసారి నుంచి తెలుగు స్క్రిప్ట్ కూడా బట్టీ పట్టిద్దాం" అన్నారు. అందరం బుర్రలూపాం. నేనూ ఊపాను.

*

హారిక బెల్లు

హారిక తొమ్మిదో తరగతి. ఊరు చల్లపల్లి దగ్గర. విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకునేది. వాళ్ళ నాన్నగారు ఒకప్పుడు వరి వేసిన పొలంలోనే రొయ్యల చెరువు తవ్వారు. జట్టు కోసం ఆలోచనలు అడిగితే, మిగతావాళ్ళు యూట్యూబ్‌లో చూసినవి చెప్పారు. హారిక మాత్రం ఇంటి సంగతి చెప్పింది.

"మేడం, చెరువులో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలన్నీ పైకి తేలతాయి. నాన్న నిద్ర లేచి లేచి వెళ్ళి చూస్తారు. తగ్గినప్పుడు ఒక బెల్లు మోగితే చాలు. నాన్న లేచి ఏరియేటర్ వేసుకుంటారు. మిగతాప్పుడు పడుకుంటారు."

చేసింది కూడా. నీళ్ళలో పెట్టే సెన్సారు కంపెనీ కొనిచ్చింది. మిగతాది ఆ పిల్ల, ఇంకో ముగ్గురు కలిసి ఒక పాత టిఫిన్ డబ్బాలో అమర్చారు. వంకర టింకరగా ఉండేది. అట్టముక్కలు, బంక. కానీ మోగేది. ఎందుకు మోగుతోందో నలుగురిలో ఎవర్నడిగినా చెప్పేవారు.

శ్రీకాంత్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "బెల్లుకి ప్రైజెవరిస్తారమ్మా? ఆటోమేటిక్ ఉండాలి. దానంతటదే ఆన్ అవ్వాలి, దానంతటదే ఆఫ్ అవ్వాలి. ఫోన్లో గ్రాఫ్ రావాలి" అన్నారు.

"మాకు అది రాదు సర్" అంది హారిక.

"మేం లేమా?"

అలా బెల్లు డబ్బా బీరువాలోకి వెళ్ళింది. ప్రోగ్రాం శ్రీకాంత్ గారు రాశారు. వైరింగ్ నేను చేశాను. నిగనిగలాడే తెల్ల పెట్టె, మీద స్కూల్ లోగో. పిల్లలు స్టిక్కర్లు అంటించారు, మాటలు బట్టీ పట్టారు.

ఒక చిక్కు వచ్చింది. పోటీలో ఒక్కో జట్టు దగ్గర జడ్జీలు కాసేపే ఉంటారు. గాజు తొట్టెలో ఆక్సిజన్ వాళ్ళు నిలబడ్డంతసేపట్లో తగ్గి పెరగదు. అందుకని శ్రీకాంత్ గారు సెన్సార్ చెప్పేది పక్కనపెట్టి, పెట్టె తనంతట తాను కాసేపు ఆన్, కాసేపు ఆఫ్ అయ్యేలా మార్చారు. డెమో కోసమే. దేశ స్థాయి ఫైనల్స్ అయ్యాక అసలు ప్రోగ్రాం ఎక్కిద్దాం అనుకున్నాం. పిల్లలకి ఈ ముక్క చెప్పలేదు. చెబితే జడ్జీల ముందు తడబడతారని.

రాష్ట్ర స్థాయిలో ఫస్ట్ వచ్చింది. హారిక ఊళ్ళో సన్మానం పెట్టారు. పెట్టె కూడా తీసుకురమ్మన్నారు. శనివారం పెట్టెతో ఇంటికెళ్ళింది. ఆదివారం పొద్దున్న వాళ్ళ నాన్నగారు ఎలక్ట్రీషియన్ని పిలిపించి, దాన్ని చెరువు స్టార్టర్‌కి కలిపించారు. తండ్రి అన్నాక అంతకన్నా ఏం చేస్తాడు? ఊరంతా మెచ్చుకున్న కూతురి పనితనాన్ని నమ్మాడు.

*

ఆ ఆదివారం

ఆయన ఫోన్ మాటల్లోకే వస్తాను.

"ఒక్క నిమిషం అండీ, హారికకి ఇస్తారా?" అన్నాను.

స్పీకర్ ఆన్ చేసి ఇచ్చారు. "హారికా, పెట్టె ఎలా ఉందమ్మా?"

"బాగానే పనిచేస్తోంది మేడం." పోటీలో అప్పజెప్పిన గొంతే.

"తరచూ ఆగిపోతోంది కదా. నీకేమీ అనిపించలేదా?"

ఆ పిల్లకి బదులు వాళ్ళ నాన్నగారు అందుకున్నారు. "అది ఆగాల్సినప్పుడు ఆగుతోందిలెండి. మేం తెనాలిలో పెళ్ళికి బయల్దేరుతున్నామండీ, మా ఆవిడా నేనూ. కాపలా కుర్రాణ్ణి కూడా రేపు రమ్మన్నా. పెట్టె ఉందిగా. ఉంటానండీ, ముహూర్తం టైమవుతోంది."

ఫోన్ పెట్టేశారు. ఆ క్షణంలోనే మళ్ళీ చేసి, "దాన్ని తీసేయండి, అది ఉత్తి బొమ్మ" అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అలా చెయ్యకుండా శ్రీకాంత్ గారికి చేశాను. పదేళ్ళ ఉద్యోగంలో అలవాటైన దారి అది. ఏదైనా ముందు పైవాళ్ళకి చెప్పాలి.

"అసలు పెట్టె ఇంటికెలా వెళ్ళింది?" అన్నారాయన ముందు.

"అది కాదు సర్. మబ్బు పట్టింది. ఇలాంటి రోజు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు ఆపకుండా తిప్పాలట. హారికే చెప్పేది."

"ఇప్పుడు ఆయనకేం చెబుతారు? మేం చేశాం, పిల్లలు చెయ్యలేదు అనా? ఫైనల్స్ ముందు? చెరువు సంగతి వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. మీరు ఊరికే కంగారు పడకండి. రేపు పొద్దున్నే ఎవర్నైనా పంపిద్దాం."

వాళ్ళ నాన్నగారికి మళ్ళీ మళ్ళీ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. పెళ్ళి సందట్లో ఎవరికి వినిపిస్తుంది? కాసేపు పిల్లలతో కూర్చున్నాను. పెద్దవాడి హోంవర్క్ చూశాను. ఏం చూశానో తెలియదు.

మధ్యాహ్నం తిరిగాక తెలియని నెంబరు నుంచి ఫోన్. "మేడం, నేను హారికని. నాయనమ్మ ఫోన్." గొంతు సన్నగా ఉంది. "ఏరియేటర్లు ఆగిపోయాయి. మళ్ళీ తిరగట్లేదు. పెట్టెలో లైటు వెలిగి ఆరుతోంది కానీ తిరగట్లేదు."

నాకు అర్థమైంది. పొద్దుట్నుంచి అన్నిసార్లు ఆపి వేసి, ఆపి వేసి, మోటార్లకి కరెంటిచ్చే స్టార్టర్ ట్రిప్ అయి ఆగిపోయి ఉంటుంది.

"నువ్వెక్కడున్నావమ్మా?"

"గట్టు మీద. పెట్టె మూత తీశాను మేడం. ఏ వైరు తీయాలి?"

 పోటీలో ఆ పెట్టె వెనక ఉన్నది చేప తొట్టెకి పెట్టే చిన్న పంపు. చెరువు మీద ఉన్నది మూడు ఫేజుల కరెంటు. పైన చినుకులు. నేను బిగించిన వైర్ల ముందు పధ్నాలుగేళ్ళ పిల్ల. ఏది ఎక్కడికి వెళ్తుందో ఆ పిల్లకి తెలియదు. తెలియకుండా చూసింది మేమే.

"ముట్టుకోకు. హారికా, వింటున్నావా? చెయ్యి తియ్యి. వెనక్కి జరుగు. దేన్నీ ముట్టుకోకు."

"రొయ్యలు పైకి వస్తున్నాయి మేడం. అంచుల్లో కనిపిస్తున్నాయి."

"పక్క చెరువు వాళ్ళున్నారా?"

"సుబ్బారావు బాబాయి ఉన్నాడు."

"పరిగెత్తు. పిలు. పెట్టె పనిచెయ్యట్లేదు, స్టార్టర్‌కి నేరుగా కలపమని చెప్పు."

అటు నుంచి నీళ్ళ మీద చినుకులు పడే చప్పుడు మాత్రం వినిపించింది.

"హారికా?"

"ఎలా చెప్పను మేడం? ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. నా ఫొటో. నిన్న సన్మానంలో బాబాయే దండ వేశాడు. నువ్వే చేశావుగా, నువ్వే బాగుచెయ్యి అంటాడు. మీరు చెప్పండి మేడం, ఏ వైరో చెప్పండి, నేను చేసేస్తా."

"నాకు తెలుసు. కానీ చెప్పను" అన్నాను. "బాబాయి దగ్గరికెళ్ళు. ఇది నేను చెయ్యలేదు, మా మేడం వాళ్ళు చేశారు అని చెప్పు. నిజమే కదమ్మా. మా పేరు చెప్పు."

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

*

దారిలో, గట్టు మీద

పిల్లల్ని అత్తయ్యగారికి అప్పజెప్పి, మా ఆయనతో కారెక్కాను. "పోలీసులకో, కరెంటాఫీసుకో చేస్తే?" అన్నారాయన. ఇద్దరికీ చేశాం. ఆదివారం, వాన. లైన్‌మన్‌కి చెబుతాం అన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

కంకిపాడు దాటాక వాన పెరిగింది. ఉయ్యూరులో చెరుకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నాం. మా ఆయన హారన్ కొడుతుంటే, నేను ఆ నెంబరుకి చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ అదే ఊహ. ఎత్తడం లేదంటే పరిగెత్తుతోందా, లేక మూత తీసిన పెట్టె దగ్గర పడి ఉందా. పామర్రు దగ్గర మలుపు తిరిగి, కూచిపూడి మీదుగా వెళ్తుంటే శ్రీకాంత్ గారు చేశారు. "తొందరపడి ఎవరికీ ఏమీ చెప్పకండి" అన్నారు. కట్ చేశాను. ఉద్యోగంలో ఉండగా ఆయన ఫోన్ కట్ చేయడం అదే మొదటిసారి.

ఊరి సెంటర్లో ఫ్లెక్సీ నిజంగానే ఉంది. యూనిఫాంలో హారిక, చేతుల్లో మా తెల్ల పెట్టె. వానకి ఒక మూల ఊడి కొట్టుకుంటోంది. చెరువులకి దారి అడిగి, బురదలో కారు వదిలేసి గట్టు మీద నడిచాం.

ముందు చప్పుడు వినిపించింది. చేటలతో బాదుతున్నట్టు. ఆగకుండా.

హారిక గట్టు మీద గొడుగు లేకుండా నిలబడి ఉంది. పక్కన లుంగీ పైకి కట్టిన మనిషి నీళ్ళలోకి ఆక్సిజన్ బిళ్ళలు విసురుతున్నాడు. మా తెల్ల పెట్టె వైర్లు తెగి గడ్డిలో బోర్లా పడి ఉంది. నేను ఆ పిల్ల చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. కాలిన గుర్తులేమైనా ఉన్నాయేమోనని.

"మీరేనా మేడం గారు?" అన్నాడు సుబ్బారావు గారు. "మెయిన్ దించి పెట్టె పీకేసి నేరుగా కలిపాను. అంచుల్లో కొన్ని పోయాయి. మిగతావి దిగాయి. ఇంకాస్త ఆగుంటే మొత్తం తేలేవి."

"హారిక చెప్పిందా అండీ?"

"చెప్పడమా. తెగిపోయిన చెప్పుతో పరిగెత్తుకొచ్చి, 'బాబాయ్, అది నేను చెయ్యలేదు, నాకు రాదు, నువ్వు రా' అంది. ఏడుస్తూ అదొక్కటే అంటోంది. నేను ముందు ఏరియేటర్ సంగతి అనుకోలేదండీ. పిల్లకేమైందో అనుకున్నా."

వాళ్ళ నాన్నగారు చీకటి పడుతుండగా వచ్చారు. పెళ్ళిబట్టల్లోనే. అప్పటికి ఫోన్లో విని ఉన్నారు. చెరువు చూశారు, పెట్టె చూశారు, నన్ను చూశారు. నేను అన్నీ చెప్పాను. ఎవరు రాశారో, ఎవరు బిగించారో, అది ఎందుకలా ఆగి తిరిగిందో. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీరు చేశారు. సరే. మరి మా పిల్ల ఏం చేసిందండీ అన్నాళ్ళూ?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపు హారికే చెప్పింది. "బెల్లు చేశాను నాన్నా. మోగేది."

"ఏదీ?"

"స్కూల్ బీరువాలో పెట్టారు."

ఆయన నావైపు తిరిగారు. "నాకు అది చాలుగా మేడం గారూ" అన్నారు. "నేను లేచేవాణ్ణి."

*

నీకు చెప్పాలనుకున్నది

ఈ ఉద్యోగంలో చేరిన చెల్లీ, నువ్వు అడిగిన టిప్స్ కింద ఇంతకన్నా నేను చెప్పగలిగేది కొంచెమే.

సాయం చెయ్యొద్దని చెప్పను. పిల్లలకి సాయం కావాలి. సెన్సార్ పాడైతే కొత్తది తెచ్చివ్వు. కరెంటు దగ్గర వాళ్ళని ఒంటరిగా వదలకు. ఎక్కడ వెతకాలో చూపించు. కానీ నువ్వు చేసిన ఏ ముక్కా వాళ్ళు విప్పి మళ్ళీ బిగించలేని స్థితిలో ఉండకూడదు. ఉంటే అది వాళ్ళది కాదు. వాళ్ళకది తెలుసు కూడా. మనం అనుకుంటాం, ప్రైజ్ వస్తే సంతోషిస్తారని. సంతోషిస్తారు, స్టేజీ దిగేదాకా. ఆ తర్వాత ఎవరైనా ఒక ప్రశ్న వేస్తారేమోనని భయంభయంగా తిరుగుతారు. హారిక సన్మానంలో దండ వేయించుకుంటున్నప్పుడు ఎలా ఉందో నేను చూడలేదు. ఊహించుకోగలను.

బట్టీ పట్టించకు. పట్టించాల్సి వస్తోందంటే పని ఎవరు చేశారో అక్కడే తేలిపోతోంది.

పైవాళ్ళ సంగతి. శ్రీకాంత్ గారు మర్నాడే స్కూల్‌కి వెళ్ళి, "సాంకేతిక లోపం" అన్నారు. నేను ప్రిన్సిపాల్ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జట్టు ఫైనల్స్‌కి వెళ్ళలేదు. దానికి మిగతా ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు నన్నే తిట్టారు. "అన్ని జట్లూ ఇంతే కదా మేడం, మా పిల్లలకే ఎందుకీ శిక్ష?" అని ఒకావిడ అడిగారు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. అన్ని జట్లూ దాదాపు ఇంతే.   ఆ విద్యాసంవత్సరం చివర నేను మానేశాను. శ్రీకాంత్ గారు వేరే జట్టుతో ఈ ఏడాది మళ్ళీ రాష్ట్ర స్థాయికి వెళ్ళారట. బాగా చేసే ఉంటారు. ఆయన పని ఎప్పుడూ బాగుంటుంది.

హారిక మళ్ళీ ల్యాబ్‌కి రాలేదు. బెల్లు డబ్బా నేనే తీసుకెళ్ళి హాస్టల్లో ఇచ్చాను. "థాంక్యూ మేడం" అంది. లోపలికి రమ్మనలేదు. ఆ పిల్ల దాన్ని మళ్ళీ తెరిచిందో లేదో నాకు తెలియదు.

ఒక్క మాట మాత్రం నేను ధైర్యంగా చెప్పగలను. నీ దగ్గరున్న పిల్లలు "నాకు రాదు" అని నీ ముందు ఎన్నిసార్లు అంటారో గమనించు. అస్సలు అనకపోతే భయపడు.

*

మర్నాడు పొద్దున

ఆ రాత్రి మేం ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకున్నారు. మర్నాడు బాక్సులు సర్దుతుంటే, రెండో తరగతి చదివే మా పెద్దవాడు స్కూల్ టై మెడలో వేసుకుంటూ వచ్చాడు. చిన్నది పాలగ్లాసుతో వాడి వెనకే.

"అమ్మా, రొయ్యలు బతికాయా?"

"చాలా వరకు బతికాయి నాన్నా."

"మిషన్ నువ్వు బాగుచేశావా?"

"లేదు. నేను వెళ్ళేసరికే అయిపోయింది. ఆ హారిక అక్క పక్క చెరువుకి పరిగెత్తి, ఇది నేను చెయ్యలేదు, నాకు రాదు అని చెప్పింది. అందుకని బతికాయి."

వాడు టై ముడి దగ్గర ఆగిపోయాడు. "అలా చెప్పేస్తే ఫస్ట్ ప్రైజ్ తీసేసుకుంటారు కదా?"

"తీసేసుకుంటారు" అన్నాను. "తీసేసుకోనీ. వినండి ఇద్దరూ. మీకు ఏదైనా రాకపోతే రాదు అని ముందు నాకే చెప్పండి. నేను తిట్టను. చేసి కూడా పెట్టను. ఎంతసేపైనా పక్కన కూర్చుంటాను."